అడగవలసిన మనిషి

డాక్టరు విశ్వాసమ్మ కాన్పుల గదిలోంచి బయటికి వచ్చేసరికి హుసేనప్ప గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మేనమామ దుకాణంలో దూది ఏకుతూ ఏకుతూ విల్లు కింద పడేసి పరుగెత్తిన మనిషి. జుట్టులో, కనుబొమ్మల మీద, చొక్కా మడతల్లో దూది పోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి. చొక్కా ముందువైపు అంతా భార్య నెత్తురు. జట్కాలోంచి బషీరాబీని రెండు చేతుల మీద ఎత్తుకుని దించింది అతనే.

డాక్టరమ్మ మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చింది. వేళ్ళ చివరల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె ఎక్కువ మాటలు వాడలేదు. మాయ గర్భసంచికి అతుక్కుపోయిందనీ, చేత్తో తీయబోతే రాలేదనీ, నెత్తురు ఆపడం తనవల్ల కావడం లేదనీ చెప్పింది. గర్భసంచి తీసేస్తే మనిషి బతకవచ్చు. తీయకపోతే ఈ పూట గడవదు.

"తీసేస్తే మళ్ళీ కాన్పు ఉండదు. అది కూడా తెలుసుకో. నువ్వు సరే అంటే ఇప్పుడే మొదలుపెడతా."

"మళ్ళా ఎప్పటికీ బిడ్డలు పుట్టరా?" అన్నాడు హుసేనప్ప.

"ఎప్పటికీ."

అతను తలుపు వైపు చూశాడు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల నర్సు ప్రేమమ్మ ఏదో పాత్ర నేలమీద జరిపిన చప్పుడు. బషీరా గొంతు మాత్రం వినిపించలేదు. జట్కాలో ఎక్కించినప్పటి నుంచే ఆమె కళ్ళు మూసుకుని ఉంది. పిలిస్తే పలకలేదు.

"ఒక్కసారి మా మామను అడిగొస్తా," అన్నాడు.

అంత వ్యవధి లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆమె నీ పెండ్లాము, నువ్వు చెప్తే చాలు అంది. హుసేనప్ప అప్పటికే వెనక్కి అడుగు వేశాడు. "ఇప్పుడే వస్తా, ఇట్ల పోయి అట్ల వస్తా," అంటూ వరండా వైపు నడిచాడు.

వరండా చివర అతని తల్లి నన్నీబీ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్లగుడ్డ చుట్టిన మూట. ఆ మూటలో పొద్దున ఇంట్లో పుట్టిన మగబిడ్డ. పుట్టిన బిడ్డ ఏడవలేదు. మంత్రసాని గురమ్మ కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తింది, వీపు చరిచింది, నోట్లో వేలు పెట్టి తుడిచింది. బిడ్డలో కదలిక లేదు. ఇటు మాయ పడక, తల్లికి నెత్తురు ఆగక, ఇది నా చేతిలో లేదు, ఆసుపత్రికి తీసుకుపొమ్మని జట్కా పిలిపించింది కూడా గురమ్మే.

కొడుకు చెప్పిందంతా విని నన్నీబీ మూటను గుండెకు దగ్గరగా జరుపుకుంది. ఇంట్లో ఉన్నది తొలికాన్పు ఆడపిల్ల ఒక్కతే. కడుపే తీసేస్తే ఇక ఇంటికి దీపమేదని అడిగింది. తనకేమీ తెలియదనీ, మీ మామ ఏమంటే అదేననీ చెప్పింది.

హుసేనప్ప ఎండలో పడ్డాడు. కర్నూలు వీధులు నిప్పు చెరిగినట్టున్నాయి. బురుజు పక్కన జట్కా గుర్రాలు తల వంచుకుని నీడ వెతుక్కుంటున్నాయి. బజారులో సగం దుకాణాలు తడికెలు దించేశాయి. పరుపుల దుకాణం దగ్గరికి చేరేసరికి మామ లేడు. నమాజుకు పోయినాడని చెప్పారు. హుసేనప్ప మసీదుకు పరుగెత్తాడు. మెట్ల దగ్గర చెప్పుల మధ్య ఆగాడు. లోపల వరసలు వంగుతున్నాయి, లేస్తున్నాయి. నమాజు మధ్యలో మనిషిని పిలవడం ఎట్లా? అతను ఎండలోనే నిలబడ్డాడు. ఒక కాలు కాలితే ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటూ, లోపలికి చూస్తూ నిలబడ్డాడు. నమాజు ఇంత పొడుగని అతనికి ఎన్నడూ అనిపించలేదు.

జమాల్ బాషా తీరిగ్గా బయటికి వచ్చి, టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ మేనల్లుడు చెప్పేది విన్నాడు. తండ్రి లేని హుసేనప్పకు పని నేర్పింది ఆయనే, పెళ్ళి చేసింది ఆయనే.

"కోసి తీసేదేందిరా? మందు పొయ్యమను. సూదులు ఎయ్యమను. దేవుడు బతికిస్తే బతుకుతాది. ఆడమనిషికి కడుపే లేకుండా చేసి ఇంటికి పంపిస్తే నువ్వేం చేసుకుంటావు? వద్దని చెప్పు పో."

వద్దు అనే మాటను నోట్లో పెట్టుకుని హుసేనప్ప ఆసుపత్రికి తిరిగి వచ్చాడు. దారిలో దాన్ని ఎట్లా చెప్పాలో రెండు మూడు రకాలుగా అనుకున్నాడు. వరండా మెట్లెక్కుతుంటే ప్రేమమ్మ ఎదురైంది. చేతిలో మూతపెట్టిన బక్కెట్టు. అతన్ని చూసి ఆగింది.

"యాడికి పోయినావప్పా? ఆపరేషను అయిపోయింది. ఊపిరి ఉండాది, నాడి ఆడతాండాది. ఈ రాత్రి గడిస్తే నిలబడుతాది."

హుసేనప్ప మెట్టుమీద కూలబడ్డాడు. ముందు అతనికి కలిగింది సంతోషమే. బషీరా బతికింది. గుక్కతిప్పుకోనివ్వకుండా ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు సగంలో ఉండగానే, తను వద్దని చెప్పడానికి వచ్చాననీ, తనను అడక్కుండానే అంతా అయిపోయిందనీ గుర్తొచ్చింది. కళ్ళు తుడుచుకుని లేచినప్పుడు సంతోషం స్థానంలో కోపం ఉంది. అది అతని సొంత కోపమో, మామ ముఖంలో చూడబోయే కోపమో అతనికే తెలియదు.

సాయంత్రం బిడ్డను మట్టిచేశారు. మామ, బంధువులు నలుగురు వచ్చారు. తుంగభద్ర ఎండి ఇసుక మేటలు పడి, ఎక్కడో అవతలి ఒడ్డున సన్నగా పారుతోంది. ఖబరస్తాను దాకా బిడ్డను హుసేనప్పే మోశాడు. చిన్నప్పటి నుంచి దూది తూచి తూచి చేతులకు బరువులు తెలిసిన మనిషి. ఒక తలగడకు పట్టే దూదికంటే కాస్త ఎక్కువ, అంతే. ముఖం మీద గుడ్డ తీసి చూడమని ఎవరో అన్నారు. అతను తీయలేదు. చూస్తే ఆ ముఖం తనతోనే ఇంటికి వస్తుందని భయపడ్డాడు.

బషీరాకు ఆ రాత్రి గడిచింది, మరుసటి రోజూ గడిచింది. దొరల యుద్ధం వల్ల మత్తుమందు దొరకక, ఉన్న కాస్తతోనే డాక్టరమ్మ పని ముగించిందని ప్రేమమ్మ చెప్పింది. వార్డు కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లుతున్నారు. వరండా వైపు కిటికీ పక్క మంచం బషీరాది. ముఖం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. మాట్లాడితే పెదవులు కదలడమే గాని గొంతు రావడం లేదు. మొదటిసారి కళ్ళు తెరిచినప్పుడు ఆమె చేత్తో మంచం మీద పక్కన తడిమి చూసుకుంది. నన్నీబీ ఆ చేతిని పట్టుకుని దుప్పటి కిందికి నెట్టింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

కడుపు తీసేసిన సంగతి ఆమెకు తెలియదని ఇంట్లో అందరూ అనుకున్నారు. తెలియకుండానే ఇంటికి తీసుకుపోదాం, బలం వచ్చాక చూసుకుందామని నన్నీబీ కొడుక్కు చెప్పింది. కోడలికి గంజి తాగించేటప్పుడు మూతి తుడిచేది, దుప్పటి సర్దేది. వరండాలోకి వచ్చాక మాత్రం గోడవైపు తిరిగి కూర్చుని, నా కొడుకు ఇల్లు గుడ్డు పెట్టని కోడి అయిపోయిందే అని తనలో తాను గొణుక్కునేది. రెండూ ఒకే మనిషి చేస్తున్నదని హుసేనప్పకు వింతగా తోచలేదు. అతని లోపలా అట్లాగే ఉంది.

పగలంతా అతను దుకాణంలో విల్లు పట్టుకునేవాడు. తీగ మీద కొయ్యదెబ్బ పడినప్పుడల్లా దూది విచ్చుకుని లేచేది, గింజలు, నలుసులు కిందికి రాలేవి. ఆ మోతలో మాట వినపడదు గనక అతనికి అది హాయి. చెయ్యి ఆపగానే మామ మొదలుపెట్టేవాడు. మొగుడి మాట లేకుండా, ఇంటి పెద్దల మాట లేకుండా ఆడమనిషిని కోయడానికి ఆమెకేం హక్కు? ఈ పొద్దు మనింట్లో జరిగింది, రేపు ఇంకొకరింట్లో. శుక్రవారం నమాజు కాగానే పెద్దమనుషులను తీసుకుపోయి అడుగుతా. సరైన జవాబు రాకపోతే కలెక్టరు దొరకు అర్జీ పెట్టి ఆమెను ఈ ఊరి నుంచి పంపించేదాకా ఊరుకోను. దుకాణానికి వచ్చినవాళ్ళందరూ అవునవును అనేవాళ్ళు. వాళ్ళు అనేకొద్దీ హుసేనప్పకు తనకు జరిగింది నిజంగా పెద్ద అన్యాయమే అనిపించేది.

ఒక సాయంత్రం ధైర్యం చేసి డాక్టరమ్మను తనే అడిగాడు. నేను వచ్చేదాకా ఎందుకు ఆగలేదని. ఆమె దీపం గాజు తుడుస్తున్నది ఆపి అతని ముఖంలోకి చూసింది.

"నేను చేసినా. ఆమె బతికింది. ఎవరికి ఏమడగాలని ఉన్నా నన్నే అడగమను," అంది.

పక్కనే గుడ్డలు మడుస్తున్న ప్రేమమ్మ ఏదో అనబోయింది. డాక్టరమ్మ ఆమె వైపు చూసేసరికి మళ్ళీ తలవంచుకుంది.

బషీరాకు పాలు పడ్డాయి. రవికె ముందుభాగమంతా తడిసి, ఒళ్ళు కాలిపోయి, పంటి బిగువున మూలుగుతుంటే ప్రేమమ్మ గుడ్డ బిగించి కట్టింది. నన్నీబీ బజారుకు పోయి మల్లెమొగ్గలు తెచ్చింది. పాలు ఇంకడానికి వాటిని రొమ్ముల మీద పరిచి కట్టడం ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే. కోడలి పక్కన కూర్చుని, తడిగుడ్డలో మొగ్గలు పేర్చి, నొప్పి తగలకుండా చుట్టూ తిప్పి కట్టసాగింది. మంచినీళ్ళ కుండ తీసుకుని వచ్చిన హుసేనప్ప గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అత్తా," అంది బషీరా. ఇన్ని రోజుల్లో ఆమె గొంతు స్పష్టంగా వినపడడం అదే మొదలు. "వాడు ఎట్లుండ్య?"

నన్నీబీ చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"నేనే కదమ్మా నీళ్ళు పోసింది. శానా బాగుండ్య. తలనిండా నల్లని వెంట్రుకలు. చెవులు మీ నాయనవే. వేళ్ళు పొడుగ్గా ఉండ్య."

"కండ్లు?"

"తెరవలేదు కదమ్మా."

బషీరా తలూపింది. హుసేనప్ప కుండను చప్పుడు కాకుండా కింద పెట్టి బయటికి నడిచాడు. వాడికి జుట్టు ఉందని అతనికి అప్పుడే తెలిసింది.

శుక్రవారం నమాజు కాగానే జమాల్ బాషా ఇద్దరు పెద్దమనుషులతో ఆసుపత్రికి వచ్చాడు. హుసేనప్ప వాళ్ళ వెనకాల నిలబడ్డాడు. వార్డులోకి మగవాళ్ళు రాకూడదు గనక వరండాలోనే బల్లలు వేయించింది ప్రేమమ్మ. ఎవరూ కూర్చోలేదు. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి వాళ్ళ ఎదురుగా నిలబడింది.

జమాల్ బాషా గొంతు పెంచలేదు. మర్యాదగానే మాట్లాడాడు. మీరు చదువుకున్నవాళ్ళు, మా ఆడవాళ్ళకు మేలు చేస్తున్నారని మాకూ తెలుసు అన్నాడు. బిడ్డ పోవడం దేవుని నిర్ణయం, దానికి మిమ్మల్ని అనడం లేదు అన్నాడు.

"కానీ ఆ మనిషికి మొగుడుండాడు. అత్త ఈ వరండాలోనే ఉండాది. నేనుండాను. ఇంతమందిమి ఉండంగా ఎవురినడిగి చేసినారమ్మా ఆ పని?"

"చేసింది నేను," అంది డాక్టరమ్మ. "ఏం చేయాల్నో చేసుకోండి."

"ఎవురినడిగి చేసినారంటే దానికి జవాబు చెప్పరు. అంటే ఎవురినీ అడగలేదు."

"నన్నడిగినాది."

మాట కిటికీలోంచి వచ్చింది. అందరూ అటు తిరిగారు. తడికె వెనక మనిషి కనిపించడం లేదు. తడి వట్టివేళ్ళలోంచి నీటిబొట్లు కింద రాతిమీద పడుతున్నాయి.

"డాక్టరమ్మ నన్నడిగినాది మామా. కడుపు తీసేస్తే బతుకుతావు, మళ్ళా బిడ్డలు పుట్టరు, ఏం చేయమంటావని అడిగినాది. తీసెయ్యమని నేనే చెప్పినా."

గొంతు సన్నగా ఉంది. మాటమాటకూ మధ్య ఊపిరి పీల్చుకుంటోంది. డాక్టరమ్మ కిటికీ వైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది.

జమాల్ బాషా పెద్దమనుషుల వైపు తిరిగాడు. తర్వాత, తెలివి తప్పి పడి ఉన్న మనిషి మాట ఒక మాటేనా అన్నాడు.

"తెలివి తప్పలేదు. కండ్లు తెరిచే సత్తువ లేకపోయె గానీ అన్నీ ఇనపడతానే ఉండ్య. తలుపుకాడ డాక్టరమ్మ చెప్పింది ఇనపడె. మామను అడిగొస్తానని ఈయప్ప పోయింది ఇనపడె. ఆయమ్మ శానాసేపు సూసి, మళ్ళా లోపలికొచ్చి నా చెవికాడ వంగి అడిగినాది."

"మొగుడు వచ్చేదాంక ఆగకుండా ఎట్ల ఒప్పుకుంటివమ్మా?" అన్నాడు పెద్దమనుషుల్లో ముసలాయన. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు.

"బతకల్ల అనిపిచ్చింది తాతా."

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. ఇంక పోదాం పా జమాల్, అడగవలసిందేమీ లేదు అన్నాడు. చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. రెండో ఆయన కూడా దిగాడు. జమాల్ బాషా మేనల్లుడి దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేటట్టే చెప్పాడు. నంద్యాలలో మన చుట్టాల పిల్ల ఉంది, నేను మాట్లాడతాను. రేపు దుకాణానికి వచ్చి సరే అని చెప్పు. నా మాట దాటి తన ఇష్టానికి చేసుకున్న ఆడదానితోనే బతుకుతానంటావా, నా దుకాణం గడప తొక్కవద్దు.

వాళ్ళు వెళ్ళిపోయాక హుసేనప్ప డాక్టరమ్మను ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు. ఆమెకు జవాబు చెప్పడం ఇష్టం లేనట్టే ఉంది.

"నేను ఇక్కడే ఉండేదాన్ని. ఆమె మీ ఇంటికి రావలసిన మనిషి. ఆ మాట నామీద ఉంటేనే మంచిదనుకున్నా," అని లోపలికి పోయింది.

ఆ రోజు ప్రేమమ్మ అతన్ని కాసేపు మంచం దగ్గరికి పోనిచ్చింది. హుసేనప్ప నేలమీద కూర్చున్నాడు. బషీరా కళ్ళు తెరిచే ఉంది, పైకప్పు దూలాల వైపు చూస్తోంది. అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. విల్లు పట్టి కాయలు కాసిన చేతులు.

"నేను వద్దనలేదు బషీరా," అన్నాడు చివరికి.

"సరే అని కూడా అనలేదు."

"పరుగెత్తి పోయినా. దేవుని సాక్షి, ఎండలో చెప్పుల్లేకుండా పరుగెత్తినా."

"పోయినావు. మసీదుకాడ నమాజు అయ్యేదాంక నిలబడినావని అత్త చెప్పింది." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "నువ్వొచ్చేదాంక నేనుండేదాన్ని కాదంట."

హుసేనప్పకు ఆ మెట్లు, చెప్పులు, లోపల వంగి లేస్తున్న వరసలు కళ్ళముందు కదిలాయి. తను అక్కడ నిలబడ్డ ప్రతి క్షణమూ ఈమె ఇక్కడ మంచం మీద నెత్తురు పోతూ, తన అడుగుల చప్పుడు కోసం వింటూ ఉండి ఉంటుంది. అన్ని రోజులుగా తనకు జరిగిందని అనుకున్న అన్యాయం తనది కాదు.

చాలాసేపటికి, నంద్యాల సంబంధానికి మామకు ఏమని చెప్పాలో చెప్పమని అడిగాడు. బషీరా మొదటిసారి అతని వైపు తల తిప్పింది.

"నా పానం సంగతి కాబట్టి నేను చెప్పినా. ఇది నీది. నన్నడగొద్దు. అత్తనూ అడగొద్దు."

మరుసటి రోజు నన్నీబీ తానూ దుకాణానికి వస్తానంది, అన్నను బతిమాలుకుంటానంది. నువ్వు ఆసుపత్రిలోనే ఉండమ్మా అని హుసేనప్ప ఒక్కడే పోయాడు. జమాల్ బాషా కొత్త పరుపుకు గుడ్డ కొలుస్తున్నాడు. తల ఎత్తకుండానే రమ్మన్నాడు. కూర్చోమన్నాడు. హుసేనప్ప కూర్చోలేదు. దారిలో ఏ మాటా కూర్చుకోలేదు గనక ఉన్నమాటే వచ్చింది.

"నేను చేసుకోను మామా."

జమాల్ బాషా కొలత ముగించి, గుడ్డ మీద గోటితో గీత గీశాడు. ఎవరు చెప్పమన్నారని అడిగాడు. ఎవరూ చెప్పలేదన్నాడు హుసేనప్ప. సరే అయితే, అన్నాడు మామ. ఆయన కత్తెర తీసుకుని గుడ్డ కోస్తుంటే, ఆ చప్పుడు వింటూ కాసేపు నిలబడి హుసేనప్ప బయటికి వచ్చేశాడు. పదేళ్ళ వయసు నుంచి పనిచేసిన చోటు. రేపు ఎవరి ఇంట్లో దూది ఏకాలో, విల్లు ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ఊళ్ళ మీద తిరగాలి. ఆత్మకూరు వైపు పోతే పని దొరకవచ్చు.

వరండాలో తల్లి ఎదురైంది. అతని ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది. నోరు తెరిచింది. తర్వాత ఏమనుకుందో, చేతిలోని ముంత అతనికి అందించింది.

"గంజి చల్లారిపోతాండాది. తాగించు పో," అని గోడవైపు తిరిగి కూర్చుంది.

ప్రేమమ్మ ఆ రోజూ పోనిస్తే, హుసేనప్ప మంచం పక్కన కూర్చుని మామతో అయిన మాట చెప్పాడు. చెప్పాక ఆమె ముఖంలోకి చూశాడు. దారి పొడుగునా అతను ఆ ముఖం కోసమే నడిచాడు. బషీరా విన్నది.

"మంచిది," అంది. అంతే.

గంజి రెండు గుక్కలు తాగి చాలంది. గోడవైపు తిరగబోతే కుట్లు లాగి తిరగలేక, కొంగు ముఖం మీదికి లాక్కుంది. కొంగు కింద ఆమె భుజాలు కదలసాగాయి. ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి ఆమె ఏడవడం అదే మొదలు. నొప్పి పుట్టకుండా ఒక చేత్తో పొత్తికడుపు అదిమి పట్టుకుని, చప్పుడు రాకుండా ఏడుస్తోంది. తన కోసం కాదనీ, తను మామతో చెప్పిన మాట కోసం అసలే కాదనీ హుసేనప్పకు తెలిసింది. ఆ ఏడుపులో తనకు చోటు లేదు. తలనిండా నల్లని వెంట్రుకలున్న ఒక బిడ్డ మాత్రమే ఉన్నాడు. వాణ్ణి ఆమె చూడలేదు. ఇక ఏ బిడ్డనూ కని చూసుకోదు.

అతనికి చేతులు ఆడలేదు. అమ్మను పిలుద్దామా, ప్రేమమ్మను పిలుద్దామా అనుకుని లేవబోయాడు. సగం లేచి, గుమ్మం వైపు చూశాడు. తర్వాత మళ్ళీ నేలమీద కూర్చున్నాడు. ఎవరినీ పిలవలేదు. ఆమె ఏడుపు ఆగేదాకా అక్కడే కూర్చుని ఉన్నాడు.